రివర్ వ్యూకి రోజుకు 1,500 ఎక్కువ

ముందే చెప్పేస్తున్నా, వానాకాలంలో మనాలీ వెళ్తే నది పక్క గది ఊరికే ఇచ్చినా తీసుకోకండి. మేం రోజుకు 1,500 ఎక్కువ కట్టి మరీ తీసుకున్నాం. ఇది 2023 జులై సంగతి. డబ్బులు వెనక్కిస్తారేమో, ట్రావెల్స్ వాళ్లతో ఎందుకు పెట్టుకోవడం అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా. ఇక రావని తేలిపోయింది.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే మావాడు, మా ఆయన వాళ్లక్క, అంటే మా వదిన. వదిన వాళ్లుండేది సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలో. 2020 అక్టోబర్ వానలకి వాళ్ల హాల్లో ఫ్రిజ్ తేలింది. ఆ రాత్రి నుంచి వాన చప్పుడు వింటే చాలు, ఆవిడకి నిద్ర పట్టదు. మా ఆయనేమో "మా అక్కకి భయమెక్కువ" అని నవ్వేవాడు.

ప్యాకేజీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే మాట్లాడుకున్నాం. ఐదు రాత్రులు, కారు, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం కలిపి నలుగురికి 68,000. రివర్ వ్యూకి ఇంకో 7,500. విమానం ఖర్చు మళ్లీ వేరు, శంషాబాద్ నుంచి చండీగఢ్‌కి మనిషికి 6,940. జులైలో టికెట్లు ఎందుకంత సులువుగా దొరికాయో అప్పుడే అనుమానం రావాల్సింది.

7వ తేదీ చండీగఢ్‌లో దిగి కారెక్కాం. దారంతా బాగానే ఉంది. మండీ దాటాక డ్రైవర్ ఎక్కడి వాళ్లని అడిగాడు. వదిన "హైదరాబాద్ సే" అంది. అతను పాటలు ఆపేశాడు. థలౌట్ దగ్గరికొచ్చాక చెయ్యి చూపించి, "మీ పిల్లలు అక్కడే పోయారు" అన్నాడు. 2014 జూన్ 8. హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది. ఆ వారమంతా మన ఊళ్లో టీవీ ముందు కూర్చోని ఇల్లు లేదు. వాళ్లు బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతుంటే, ఎగువన లార్జి ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. మనం నిలబడ్డ చోట చినుకు పడకపోయినా నది పెరుగుతుందని అప్పుడు మనందరికీ తెలిసింది. తెలిసి కూడా నేను తొమ్మిదేళ్ల తర్వాత అదే బియాస్ ఒడ్డున గది తీసుకున్నా, బాల్కనీతో సహా.

గది మాత్రం అందంగానే ఉంది, కాదనను. మనాలీకి కాస్త దిగువన, నదికి ఎడమ గట్టు మీద. కింద చిన్న తోట, తోటలో ఊయల, రాతి ప్రహరీ, ప్రహరీ అవతల నీళ్లు. మా ఆయన రాత్రి పదకొండు దాకా వీడియోలు తీస్తూనే ఉన్నాడు.

8న పొద్దున్నుంచీ వాన. గొడుగులేసుకుని హిడింబా గుడి చూసొచ్చాం. సోలాంగ్ లోయ మానేశాం. మనాలీ ఉన్న కులూ జిల్లాకి రెడ్ అలర్ట్ అని ఫోన్‌కి వచ్చింది. ట్రావెల్స్ అతనికి అది పంపి, ఏం చేయమంటారని అడిగితే, "లైట్ షవర్స్ మేడమ్, క్లైమేట్ ఎంజాయ్ చేయండి" అని జవాబు, పక్కన రెండు గొడుగు బొమ్మలు. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

9 తెల్లవారుజామున మూడింటికి వదిన నన్ను తట్టి లేపింది.

"నీళ్ల చప్పుడు మారింది, ఇనబడ్తలేదా?"

విన్నాను. హోరు ఉంది, దాని అడుగున ఇంకేదో. గుడి రథం దూరంగా కదులుతున్నట్టు, గడగడమని. నీళ్లలో బండరాళ్లు దొర్లుతున్న చప్పుడు అది. మంచం కాలు పట్టుకుంటే వణుకు చేతికి తెలిసింది.

మూసీ చూసి పెరిగినవాళ్లం కదా, మనకిది అలవాటు లేని నది. ఎగువన గండిపేట జలాశయం గేట్లు ఎత్తాలంటే ముందు రోజు నుంచే టీవీలో స్క్రోలింగ్ వస్తుంది, సర్దుకోవడానికి కాస్త టైముంటుంది. బియాస్ పుట్టే రోహ్‌తంగ్ దాదాపు 3,980 మీటర్ల ఎత్తు, మనాలీ 2,000 పైచిలుకు. రోడ్డు మీద యాభై కిలోమీటర్లు, అంతే. ఆ కాస్త దూరంలో అంత ఎత్తు నుంచి దిగే నీళ్లు ఒట్టి చేతులతో రావు. బండలు, దేవదారు మొద్దులు, బురద అన్నీ తెచ్చుకుంటాయి. తర్వాత టీవీల్లో అంతా క్లౌడ్‌బరస్ట్ అని ఊదరగొట్టారు గానీ, వాతావరణ శాఖ లెక్కలో ఆ మాటకి గంటలో 100 మిల్లీమీటర్లు పడాలి. మేమున్న చోట అలా ఒక్కసారి కుమ్మరించి పోలేదు. పడమటి గాలులూ రుతుపవనాలూ కలిసి రోజుల తరబడి విడవకుండా కురిపించాయి.

రిసెప్షన్‌కి వెళ్లాం. మేనేజర్ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. "ప్రతి ఏడూ ఇంతే మేడమ్, గోడ గట్టిది" అన్నాడు. రోడ్డు వైపు గది ఇమ్మంటే, అది డీలక్స్ అట, రాత్రికి 2,000 ఎక్కువట! రివర్ వ్యూ కోసం 1,500, రివర్ వ్యూ నుంచి తప్పించుకోవడానికి 2,000. "పక్కన చిన్న నాలా ఉంది, ఎక్కువైన నీళ్లు అటు పోతాయి" అని మళ్లీ ధైర్యం చెప్పబోయాడు. ఆ మాటతో వదినకి ఎక్కడో కాలింది. వాళ్ల భాషలో నాలా అంటే కొండవాగు. మనకి నాలా అంటే వానొస్తే ఇళ్లలోకి పొంగే మురుగుకాలువ, అదేంటో సరూర్‌నగర్ వాళ్లనడగాలి. "అరే భాయ్, నాలా హమ్‌కు నక్కో సిఖావ్!" (నాలా గురించి మాకు నేర్పకు) అని ఒక్క అరుపు అరిచింది. అతనికి సగమే అర్థమైనట్టుంది గానీ లేచి నిలబడ్డాడు.

ఆరున్నరకి వానలోనే సామాన్లు కార్లో వేశాం. ఎటు పోవాలో మాకు తెలీదు. డ్రైవరే "మా పిన్ని వాళ్లిల్లు పైన ఉంది" అని జగత్‌సుఖ్ వైపు, గట్టు మీది ఊరికి తీసుకెళ్లాడు. మా ఆయన దారంతా ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు. కట్టిన డబ్బులు పోయాయని ఆయన బాధ. పదింటికి పైనుంచి చూస్తే ప్రహరీ లేదు, తోట లేదు, ఊయల లేదు. మా గది బాల్కనీ కిందనే గోధుమరంగు నీళ్లు కొట్టుకుంటున్నాయి. హోటల్ పడిపోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఆ రోజు మా ఆయన వాళ్లక్కకి రెండుసార్లు టీ తెచ్చిచ్చాడు, అడక్కుండానే.

పిన్నిగారిల్లు కాఠ్‌కునీ ఇల్లు. వరసగా దేవదారు దూలాలు, వాటి మధ్య రాళ్లు పేర్చిన గోడలు, కింద ఆవు, పైన మనం. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, గోడలు మాత్రం వెచ్చగా ఉన్నాయి. మొదటి రాత్రి రాజ్మా, అన్నం. రెండోరోజు సిద్దూ పెట్టింది. గోధుమపిండి పులియబెట్టి, లోపల అక్రోట్ల ముద్ద కూరి, ఆవిరి మీద ఉడికిస్తారు. వేడివేడిగా విరిచి నెయ్యి పోసుకోవాలి. మన కుడుముకి పెద్దన్న అనుకోండి. మావాడు నాలుగు తిన్నాడు, ఇంట్లో ఇడ్లీ రెండు తినడానికి ఏడ్చేవాడు. వదిన తన సంచిలోంచి కారప్పొడి తీసి నెయ్యిలో కలిపి పెడితే పిన్నిగారు కళ్లనీళ్లు తుడుచుకుంటూనే ఇంకో చెంచా వేయించుకుంది. తిండితో కలిపి మనిషికి రోజుకు 500 అన్నారు. నాలుగు రాత్రులకి 8,000 ఇస్తే, పిల్లాడికి తీసుకోనని 2,000 తిరిగిచ్చేసింది.

కింద బజార్లో ఇంకో లోకం. 20 రూపాయల నీళ్ల సీసా 60. జనరేటర్ మీద ఫోన్ చార్జింగ్‌కి 100, అదీ సగం దాకే. కొండకి వెళ్లేవాళ్లు పవర్‌బ్యాంకు కంటే ముందు చిల్లర నోట్లు పెట్టుకోండి, సిగ్నల్ లేనప్పుడు ఏ యాప్‌లోనూ డబ్బులు కదలవు.

13న బయల్దేరాం. అవతలి గట్టున హైవే చాలాచోట్ల నదిలోకి జారిపోయింది. అందుకని నగ్గర్ మీదుగా ఎడమ గట్టు రోడ్డులో కులూ చేరి, బజౌరా నుంచి కటౌలా కొండదారి పట్టి మండీలో తేలాం. మండీలో పంచవక్త్ర గుడి చుట్టూ బురద. నదిలో నిండా మునిగినా ఆ రాతిగుడి నిలబడింది. వదిన కార్లోంచే దండం పెట్టింది. డ్రైవర్ ఎక్కువైన రోజులకి 3,000 లెక్కన మాత్రమే తీసుకున్నాడు. కొత్త విమానం టికెట్లు మాత్రం మనిషికి 11,350 పడ్డాయి.

ఇక మన దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు. వాడని మూడు రాత్రుల డబ్బులడిగితే ప్రకృతి వైపరీత్యం, చేతుల్లో ఏముంది మేడమ్ అన్నారు. నాలుగు నెలలు తిరిగితే 9,000కి ఒక క్రెడిట్ నోట్ ఇచ్చారు. ఆరు నెలల్లో వాడాలి, దసరాకి చెల్లదు, డిసెంబర్‌లో చెల్లదు. పోనీ, ఆ మూడు రోజుల రివర్ వ్యూ డబ్బులు, 4,500, అవైనా ఇవ్వండి అన్నా. కౌంటర్లో కుర్రాడు కంప్యూటర్ చూసి, ఏ మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"వ్యూ ఉంది కదా మేడమ్. మీరే చూడకుండా వెళ్లిపోయారు."

వదిన మాత్రం ఇడ్లీ పాత్రలో సిద్దూ చేయడం నేర్చుకుంది. అక్రోట్లు ఖరీదని పల్లీలు కూరుతుంది. అంత బాగుండవు.