పర్లాకిమిడిలో ‘కన్యాశుల్కం’ చవక ప్రతి

ప్రస్తుతం నేను ఇష్టంగా చదువుతున్నది గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’; 1892లో తొలిసారి ప్రదర్శించిన ఆ నాటకాన్ని ఆయన బాగా పెంచి తిరగరాయగా 1909లో వెలువడిన రూపమే ఈ చవక ముద్రణలో ఉంది. గిరీశం కోతలు చదువుతుంటే, 1936లో ఒడిశాలో కలిసినా ఇంట్లో తెలుగు వదలని మా పర్లాకిమిడి అరుగుల మీది మాటలే వినిపిస్తాయి; గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, వాడుక భాషంటే మాకు కాస్త గర్వం ఎక్కువే. అక్షరం పెద్దది, అచ్చుతప్పులు తక్కువ. అయితే జిగురుతో అంటించిన వెన్ను రెండో అంకానికే విడిపోయి కాగితాలు ఊడివస్తున్నాయి. పాత మాటల అర్థాలను పేజీ అడుగున కాక పుస్తకం చివర ఇవ్వడంతో మాటిమాటికీ తిప్పవలసి వస్తోంది. కుట్టు బైండింగు ప్రతి దొరికితే, ధర ఎక్కువైనా అదే కొనడం మేలు.