సర్కారు టీబీ వైద్యం: మందు మంచిదే, గుట్టే నిలవడం లేదు

హైదరాబాద్‌లో టీబీకి పైసా ఖర్చు లేని వైద్యం ఉంది. బస్తీ దవాఖానాలో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మొదలుపెట్టవచ్చు. ముదిరిన కేసులకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఉంది. పరీక్ష, ఆరు నెలల మందులు, తిండికి నెలకు వెయ్యి రూపాయలు ప్రభుత్వమే ఇస్తుంది. కానీ ఇది అంటుజబ్బు. అందుకే సర్కారు రోగి నుంచి పేరు, చిరునామా, ఇంట్లోవాళ్ల వివరాలు, రోజూ మందు వేసుకుంటున్న రుజువు అడుగుతుంది. ఊరి మేలు కోసం ఒక మనిషిని ఇంత అడిగినప్పుడు, ఆ మనిషికి తిరిగి ఏం ఇస్తున్నారన్నది చూసే ఈ సేవకు మార్కులు వేయాలి.

పరీక్షకు నిండుగా వేయొచ్చు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే తెమడ డబ్బాలిస్తారు. ఒక శాంపిల్ అప్పటికప్పుడు, రెండోది మర్నాడు లేవగానే తీయాలి. నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడి, ఊపిరి బాగా పీల్చి లోపలి నుంచి దగ్గాలి. కనీసం రెండు మిల్లీలీటర్లు రావాలి. ఉమ్మి మాత్రమే పడితే జబ్బున్నా దొరకదు. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే, ఎందుకంటే డబ్బా చేతిలో పెట్టి పంపేవాళ్లే ఎక్కువ, ఎలా తీయాలో చెప్పేవాళ్లు తక్కువ. ట్రూనాట్, సీబీనాట్ మెషిన్లు క్రిమి ఉందా లేదా అన్నదే కాక రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు లొంగుతుందా అన్నదీ గంటల్లోనే చెబుతాయి. మెషిన్ లేని చోట శాంపిల్ మరో కేంద్రానికి వెళ్తుంది, రిపోర్టు ఆలస్యమవుతుంది.

మందులు కూడా మేలైనవే. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, తర్వాత నాలుగు నెలలు మూడు మందులది. 35 నుంచి 49 కిలోలున్నవారికి రోజుకు మూడు, 50 నుంచి 64 ఉంటే నాలుగు. అన్నీ ఒకేసారి వేసుకోవాలి. కోలుకుంటూ బరువు పెరిగితే మాత్రల లెక్క మారవచ్చు. కాబట్టి ప్రతి నెలా తూకం వేయమని అడగండి. మూత్రం నారింజ రంగులోకి మారితే భయం లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చూపించాలి. రిఫాంపిసిన్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. ఆడవాళ్లకు తప్పకుండా చెప్పాల్సిన ఈ మాట చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

అసలు లోపం రోగి గుట్టు దగ్గర. ప్రైవేటు డాక్టరు అయినా టీబీ కేసును ప్రభుత్వానికి తెలపాలని 2012 నుంచి నియమం ఉంది. 2018లో దాన్ని ఉల్లంఘిస్తే శిక్ష దాకా తెచ్చారు. అంటుజబ్బుకు లెక్క ఉండాలి, అందులో తప్పు లేదు. అయితే ఆ వివరం టీబీ రోగుల లెక్కలు రాసే ప్రభుత్వ వెబ్‌సైట్ నిక్షయ్ పోర్టల్‌లో ఉండాల్సింది, గల్లీలో కాదు. మాత్రల పట్టీ మీద దాచిన నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఇంట్లో ఒక్కటే ఫోను ఉండి, అది భర్త జేబులో పనికి వెళ్లిపోతే కాల్ పడదు, మందు మానేశారని ఇంటికి మనిషి వస్తారు. ఆశా కార్యకర్త తలుపు దగ్గర నిలబడి ‘అక్కా, టీబీ గోలీలు వేసుకున్నవా?’ అని గట్టిగా అడిగితే పక్క పోర్షన్‌కు తెలిసిపోతుంది. ఇళ్లలో పనిచేసే ఆమెకు మర్నాటికి పని పోవచ్చు. మందు పనిచేస్తుంటే సుమారు రెండు వారాల్లోనే అంటుకునే గుణం బాగా తగ్గుతుంది, గిన్నెలు పంచుకుంటే అసలే అంటదు. ఈ సంగతి ఇంటి యజమానులకు చెప్పే బాధ్యత మాత్రం ఎవరూ తీసుకోరు. ఇంటికి రావద్దని, ఫలానా నంబరుకు మెసేజ్ పెట్టమని రోగి మొదటి రోజే చెప్పవచ్చు.

టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోమంటారు. వైద్యపరంగా అది అవసరమే, రెండూ ఉంటే మందుల క్రమం మారుతుంది. కానీ 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ముందు వివరించి, అంగీకారం తీసుకోవాలి. వైద్యం అందాలంటే ఆ పరీక్ష చేయించుకు తీరాలనడం కుదరదు. రక్తం తీసుకున్నాక చెప్పడం అంగీకారం కాదు.

ఇంట్లో జబ్బు లేనివాళ్లకు ఇచ్చే ముందుజాగ్రత్త మందు విషయం ఇంకా సున్నితమైనది. రోజూ ఐసోనియజిడ్ ఆరు నెలలు, లేదా రిఫాపెంటిన్‌తో కలిపి వారానికోసారి 12 వారాలు. ముందు వాళ్లకు టీబీ లేదని తేల్చుకోవాలి. మద్యం అలవాటు, కాలేయ జబ్బు ఉన్నాయేమో అడగాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను మందు మింగమంటున్నారు కాబట్టి లాభం, నష్టం రెండూ విప్పి చెప్పాల్సిందే.

డబ్బు విషయానికొస్తే, తిండికి నెలకు 500 ఉన్నది 2024 నవంబరు నుంచి వెయ్యి అయింది. రోగం తేలగానే 3000, 84 రోజుల మందు పూర్తయ్యాక మరో 3000 ఖాతాలో పడాలి. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు ఉంటే ఆగిపోతుంది. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, రోగి కుటుంబానికి అదనపు తిండి ఇస్తే ఇంట్లోవాళ్లకు టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటే ఈ పైసలు దానం కాదు, వైద్యంలో భాగమే. దాతలిచ్చే తిండి బుట్టతో రోగిని నిలబెట్టి ఫొటో తీయడం మాత్రం ఆపాలి. బుట్ట తీసుకుంటాను, ఫొటో వద్దు అనవచ్చు.

2024 మార్చిలో మందుల కొరత వచ్చి, స్థానికంగా కొనుక్కోమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. ఒక్క రోజు మానినా రోగిని నిలదీసే వ్యవస్థ, తన వైపు మందు ఆగితే సంజాయిషీ చెప్పాలి కదా. అందుకే మాత్రలు ఇంకా వారానికి సరిపడా ఉండగానే కేంద్రానికి వెళ్లండి. సొంతూరికి పోతుంటే నిక్షయ్ ఐడీ రాసుకుని వెళ్లండి, అక్కడి కేంద్రానికి బదిలీ చేస్తారు. మందు దొరకకపోయినా, డబ్బు పడకపోయినా 1800-11-6666కు ఫోన్ చేయవచ్చు, ఉచితం.