కుట్టు మిషను సర్వీసు: ఏడాదికోసారా, మొరాయించినప్పుడా?

ముందు మీ మిషను ఏదో చూడండి. కాలితో తొక్కే నల్ల మిషనుకు నూనె చిల్లులన్నీ పైకే కనిపిస్తాయి. కరెంటు జిగ్‌జాగ్ మిషనులో చాలా గేర్లు మూత వెనకాల ఉంటాయి, కొన్ని ప్లాస్టిక్‌వి కూడా.

ఖర్చు
ఏటా ఇస్తే: చిన్న మొత్తం, కానీ తప్పదు.
ఆగితే: ఈ ఏడు మిగులు. గేరు విరిగితే ఒక్కసారే వాత.

శ్రమ
ఏటా ఇస్తే: మోసుకెళ్లాలి, పెళ్లిళ్ల సీజనైతే వారం ఎదురుచూపు.
ఆగితే: శుభ్రం చేసే పని మీదే.

ఆ పని కష్టమేం కాదు. ప్లగ్ తీసేసి, సూది పలక స్క్రూలు విప్పండి. దాని కింద, గుడ్డను ముందుకు జరిపే పళ్ల మధ్య దూది గట్టి అట్టలా పేరుకుని ఉంటుంది. దానివల్ల పళ్లు పూర్తిగా లేవవు, గుడ్డ జరగదు, కుట్లు ఒకేచోట ముద్దవుతాయి. టైమింగ్ (సూదీ షటిలూ కలిసే లెక్క) పోయిందనుకుని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేది చాలాసార్లు దీనికే! బ్రష్‌తో తీసి, షటిల్ (బాబిన్ కూర్చునే భాగం) తిరిగే అంచున ఒక్క చుక్క మిషను నూనె వేయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిగురుకట్టి చక్రం బరువెక్కుతుంది.

ఎవరికి ఏది
రోజూ జాకెట్లు కుట్టి ఇచ్చేవాళ్లు: ఏడాది కూడా ఎక్కువే, ఆరు నెలలకోసారి.
జిగ్‌జాగ్, వారానికి రెండు మూడు గంటలు: ఏడాదికోసారి.
నల్ల మిషను, పండక్కీ పబ్బానికీ: మొరాయించినప్పుడు చాలు. అయితే కొత్త సూది వేసినా కుట్లు తప్పుతున్నా, సూది పలకకు తగులుతున్నా ఇక తొక్కకండి.