వైజాగ్ నుంచి కారు తీస్తే పూరీకా, జగదల్‌పూర్‌కా: ఏది మేలు?

వరసగా మూడు రోజులు సెలవొస్తే వైజాగ్‌లో కారున్న ఇంట్లో మొదట వినిపించే మాట అరకు. మరోసారీ అరకే. ఆ తర్వాత పిల్లలు "ఈసారి ఇంకెక్కడికైనా పోదాం నాన్నా" అంటారు. అప్పుడు మ్యాప్ తెరిస్తే, ఒక్క పగటిలో చేరగలిగిన ఊళ్లలో రెండు పేర్లు కనిపిస్తాయి. తీరం వెంట ఈశాన్యంగా పోతే పూరీ, సుమారు 440 కిలోమీటర్లు. కొండలెక్కి వాయవ్యంగా పోతే ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ ప్రాంతపు జగదల్‌పూర్, సుమారు 300. హైదరాబాద్‌ను ఈ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడికి పెళ్లికో పనికో వెళ్తాం, దారి కోసం వెళ్లం.

అంకెలు చూసి పూరీ కష్టం, జగదల్‌పూర్ తేలిక అనుకోకండి. గంటల్లో చూస్తే రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి. మధ్యలో టిఫినుకు, భోజనానికి ఆగుతూ పోతే దేనికైనా పగలంతా పడుతుంది. మొదట కాసేపు దారి కూడా ఒకటే. ఆనందపురం, తగరపువలస దాటాక పూరీ వాళ్లు 16వ నంబరు జాతీయ రహదారి మీద తిన్నగా పోతారు, జగదల్‌పూర్ వాళ్లు ఎడమకు తిరిగి విజయనగరం పడతారు. అక్కణ్నుంచి రెండూ వేరే ప్రయాణాలు.

నా మటుకు కొలత ఒక్కటే. రైలు ఉండగా, బస్సు ఉండగా, సొంత కారు తీసి రోజంతా స్టీరింగ్ పట్టుకోవడం దేనికి? నచ్చిన చోట ఆపుకోడానికి. ఆపాలనిపించని దారైతే కారు దండగ. ఈ లెక్కన నేను జగదల్‌పూర్‌కే ఓటేస్తాను. అయితే అందరికీ అదే చెప్పను.

తీరం దారి

పూరీ దారిలో పెద్ద సుఖం రోడ్డే. కోల్‌కతా, చెన్నైలను కలిపే ఈ హైవేకి మధ్యలో డివైడర్ ఉంది, ఊళ్లకు బైపాస్‌లున్నాయి, బంకులకు, దాబాలకు లోటు లేదు. ఇంట్లో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. గంటకోసారి బాత్రూమ్ కావాల్సిన అమ్మమ్మతో వెళ్లేటప్పుడు కొండ అందం కన్నా బంకు దగ్గరి బాత్రూమే ముఖ్యం. ఒంట్లో బాగాలేకపోతే శ్రీకాకుళం, పలాస, బరంపురం ఏదో ఒకటి అందుబాటులోనే ఉంటుంది.

ఈ దారిలో కష్టం కూడా ఆ సుఖంలోంచే వస్తుంది. తిన్నని రోడ్డు నిద్ర తెప్పిస్తుంది. భోజనం చేసి ఎక్కాక మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, రాత్రి బయల్దేరితే తెల్లవారుజామున, కళ్లు తెరిచే ఉంటాయి గానీ మెదడు పడుకుంటుంది. ఆ సమయంలోనే ఎడమ లైనులో ఇండికేటర్ లేకుండా లారీ ఆగి ఉంటుంది. వెనక నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ, అదే దాని హెచ్చరిక. దగ్గరికి పోతేగానీ కనిపించదు. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు, డివైడర్ సందులోంచి అడ్డం తిరిగే ట్రాక్టర్లు వీటికి అదనం. నాలుగు వరుసల రోడ్ల మీద కార్లకు 2018లో కేంద్రం గంటకు 100 కిలోమీటర్లు గరిష్ఠంగా పెట్టింది. రోడ్డు బాగుందని దాన్ని మించి పోవాలనిపిస్తుంది, కానీ పైవన్నీ గుర్తుంచుకుంటే 80 చాలు. రాత్రి ప్రయాణం మాత్రం వద్దనే గట్టిగా చెబుతాను. తెల్లవారి నాలుగున్నర, అయిదుకు ఇల్లు వదలండి, పొద్దు గుంకకముందు పూరీలో ఉంటారు. డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఇద్దరుంటే రెండు గంటలకోసారి చేతులు మారండి.

ఇక ఆగడానికి చోట్లు లేవా అంటే, ఉన్నాయి. హైవే వాటిని బైపాస్ చేసింది, అంతే. శ్రీకాకుళం దగ్గర పక్కకు తిరిగితే అరసవల్లి సూర్యదేవాలయం, ఇంకాస్త లోపలికి శ్రీకూర్మం. విష్ణువును కూర్మావతారంలో మూలవిరాట్టుగా కొలిచే అరుదైన గుడి అది. పలాసలో జీడిపప్పు కొనకుండా ఎవరూ రారు. కొట్టువాడు 240, 320 అని నంబర్లు చెబుతాడు. పౌను బరువుకు ఎన్ని గుళ్లు తూగుతాయో ఆ లెక్క, కాబట్టి నంబరు తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. పాయసానికీ కూరకీ బద్ద చాలు, గుండుకు డబ్బు పోయక్కర్లేదు.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. పెట్రోలు అక్కడ మనకంటే చవక, అందుకే ఇక్కడ అవసరమైనంత పోయించుకుని, సరిహద్దు దాటాక టాంకు నింపండి. బరంపురంలో తెలుగుకు కరువు లేదు, టీ కొట్టు దగ్గర్నుంచి పట్టుచీరల దుకాణం దాకా మన మాటే నడుస్తుంది. ఈ దారి మొత్తంలో నా మనసు ఆగే చోటు మాత్రం ఆ తర్వాత వస్తుంది. రంభ నుంచి బాలుగావ్ దాకా ఎడమ చేతికి తూర్పు కనుమలు, కుడి చేతికి చిలికా. రోడ్డుకూ నీటికీ మధ్య కొన్నిచోట్ల పెద్ద దూరమే ఉండదు. చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు 1981లో ఎక్కిన సరస్సు ఇది. బర్కుల్లో ఆగి పడవెక్కితే కాళీజాయి దీవికి తీసుకెళ్తారు. చలికాలమైతే తంగి దగ్గర మంగళజోడి పల్లెకు మళ్లండి. వెదురు గడతో తోసే నాటుపడవలో కూర్చుంటే వలసపక్షులు చేతికందేంత దగ్గరగా ఉంటాయి.

పూరీలో కారు మాత్రం బరువే. గుడి దగ్గరికి పోనివ్వరు, దూరంగా పార్కింగ్‌లో పెట్టి ఆటోనో నడకో పట్టాలి. రథయాత్ర రోజుల్లో కారు ఊసే ఎత్తకండి. జగన్నాథుడి దర్శనమే మీ ఉద్దేశమైతే తిరుపతి–పూరీ ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే పోతుంది, భువనేశ్వర్ దాకా వందే భారత్ ఉంది. తిరుపతి–పూరీ ఎక్స్‌ప్రెస్‌లో అయితే పడుకుని పోవచ్చు, నడుము నొప్పి ఉండదు. చిలికా కోసం, శ్రీకూర్మం కోసం ఆగేవాళ్లే ఈ దారిలో కారు తీయాలి.

కొండ దారి

విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం దాటి సాలూరు. లారీలకు పేరుపడ్డ ఊరు. టైరు పంచరైనా, బెల్టు తెగినా ఇక్కడ మెకానిక్కులు ఇట్టే చూస్తారు, కాబట్టి బండి మీద ఏ అనుమానమున్నా ఇక్కడే తీర్చుకోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసుకోండి. ఆడవాళ్లు బాత్రూముకు వెళ్లాలన్నా ఇక్కడే వెళ్లాలి, ఎందుకంటే తర్వాత కాసేపు కొండలు, లోయలు తప్ప ఏమీ దొరకవు. ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.

సాలూరు దాటిన కాసేపటికి ఘాట్ మొదలవుతుంది. ముందు బరువు మీద మూలుగుతూ ఎక్కే లారీ, దాని వెనక మీరు, మీ వెనక హారన్ కొట్టే బస్సు. మలుపులో ఓవర్‌టేక్ చేయకూడదని అందరికీ తెలుసు, కానీ ఇరవై నిమిషాలు లారీ పొగ పీల్చాక ఆ ఓపిక పట్టడమే అసలు పరీక్ష. ఎక్కేవాడికి దారివ్వాలి, దిగేవాడు ఆగాలి. ఇది కొండ మర్యాదా, చట్టమూ కూడా. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట నూటికి నూరుపాళ్లు నిజం. న్యూట్రల్ వేసి పెట్రోలు మిగుల్చుకోవాలనుకుంటే బ్రేకులు కాలతాయి. కాలిన వాసన వస్తే కొద్దిగా వెడల్పున్న చోట పక్కకు తీసి అరగంట చల్లారనివ్వాలి. ఆటోమేటిక్ కారైతే మాన్యువల్ మోడ్ ఎలా వేయాలో ఇంటి దగ్గరే నేర్చుకుని రండి.

ఇక వాంతులు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వెనక సీటులో ఫోను చూస్తూ కూర్చున్న పిల్లలకు మూడో మలుపుకే ముఖం పాలిపోతుంది. అమ్మ చేతిలో నిమ్మకాయ, చీర కొంగు ముక్కుకు అడ్డం, "ఆపరా, ఒక్క నిమిషం ఆపు" అనే మాట, ఈ ఘాట్ ఎక్కిన ప్రతి కుటుంబానికీ తెలుసు. కడుపు నిండా పూరీ కూర తిని ఎక్కకూడదు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టాలి, రోడ్డు చూడమనాలి. డాక్టర్ని అడిగి మాత్ర వేసుకునేవాళ్లు ఘాట్‌కి అరగంట ముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

ఇంత కష్టం చెప్పి కూడా ఈ దారికే ఎందుకు ఓటంటే, ఇక్కడ ప్రతి అరగంటకూ కారు దానంతటదే ఆగుతుంది. పొట్టంగి వైపు ఎక్కేసరికి గాలి మారిపోతుంది, ఏసీ కట్టేసి అద్దాలు దించేస్తాం. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ పక్కనే. సెమిలిగుడ, సునాబెడ దాటి కొరాపుట్‌లో భోజనానికి ఆగితే కొండ మీద శబర శ్రీక్షేత్రం ఉంది. అక్కడా జగన్నాథుడే, పూరీ రద్దీ లేకుండా, తోపులాట లేకుండా కళ్లారా చూసుకోవచ్చు. జయపురం దిగి బొరిగుమ్మ మీదుగా కోట్‌పాడ్. చెట్టు వేళ్ల రంగుతో నూలు అద్ది, మెరూన్, గోధుమ రంగుల్లో నేసే ఇక్కడి బట్టకు 2005లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇలాంటి చోట నచ్చినంతసేపు ఆగాలంటే సొంత బండే ఉండాలి.

జగదల్‌పూర్‌లో దిగాక కారు అక్కర ఇంకా పెరుగుతుంది. ఇంద్రావతి మీది చిత్రకోట్ జలపాతం ఊరికి నలభై కిలోమీటర్ల లోపే. ఎత్తు 95 అడుగులే, కానీ వర్షాకాలంలో గుర్రపు నాడా ఆకారంలో నది మొత్తం ఒక్కసారిగా దూకుతుంది. నీళ్లు ఎర్రగా, మట్టి వాసనతో ఉంటాయి. ఒడ్డున నిలబడితే కళ్లద్దాలు తడిసి ఏమీ కనిపించదు, చప్పుడు మాత్రం గుండెలో వినిపిస్తుంది. వేసవిలో వెళ్తే రెండు పాయలే మిగులుతాయి. కాంగేర్ లోయలో తీరథ్‌గఢ్ మరో జలపాతం. దగ్గర్లోని కుటుంసర్ గుహ వానల్లో మూసేస్తారు. వీటన్నిటికీ మీ బండి, మీ టైమే.

ఖర్చు, కాలం

ఖర్చులో పెద్ద తేడా లేదు. పూరీకి రానూపోనూ 900 కిలోమీటర్లు, లీటరుకు 16 వచ్చే కారుకు 56 లీటర్లు. జగదల్‌పూర్‌కు చుట్టూ తిరుగుడుతో కలిపి 700 పడుతుంది, ఘాట్‌లో మైలేజీ 13కు దిగుతుంది కాబట్టి అదీ దాదాపు అంతే. టోల్ మాత్రం తీరం దారిలో ఎక్కువ. నాతవలస, మడపాం, లక్ష్మీపురం, బెల్లుపడ, ఇవి మన రాష్ట్రంలోనివే. 2025 ఆగస్టు 15 నుంచి ఇస్తున్న ఫాస్టాగ్ వార్షిక పాస్ మొదలైనప్పుడు 3,000 రూపాయలు, ఏడాది లేదా 200 ట్రిప్పులు. హైవే మీద తరచూ తిరిగేవాళ్లకు తప్పకుండా లాభం. సొంత తెల్లబోర్డు కారుకు ఒడిశాలోగానీ ఛత్తీస్‌గఢ్‌లోగానీ పర్మిట్ అక్కర్లేదు. పసుపు బోర్డు ట్యాక్సీ మాట్లాడుకుంటే పర్మిట్ ఖర్చు ఎవరిదో బయల్దేరే ముందే తేల్చుకోండి.

కాలం విషయంలో తీరం దారివాళ్లు అక్టోబరును జాగ్రత్తగా చూసుకోవాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ మన విశాఖలో, 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి, మూడూ అక్టోబరులోనే. 2019 మేలో ఫణి పూరీ దగ్గర దాటింది. ఇవన్నీ ఇదే రోడ్డు మీది ఊళ్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వింటే గది బుకింగ్ డబ్బులు పోయినా ఫరవాలేదు, బయల్దేరకండి. అవే వానలకు ఘాట్‌లో కొండచరియలు విరిగిపడతాయి, కాబట్టి జగదల్‌పూర్‌కూ ఇదే మాట. దసరాకు వెళ్తే బస్తర్ దసరా 75 రోజుల పండగ, చివరి రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. చిత్రకోట్‌లో నీళ్లుండి, ఘాట్ ఆరి ఉండే నవంబరు నాకు అన్నిటికన్నా మంచి నెల.

రాయపూర్, విశాఖల మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల కొత్త రహదారి పూర్తయితే కొండలవతలికి పోవడం చాలా తేలికవుతుంది. అప్పటికి ఈ పాత ఘాట్ ఎక్కాలనుకునేవాళ్లు తగ్గిపోతారేమోనని నాకు దిగులుగా ఉంది.

డెబ్భై దాటిన పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నా, డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఒక్కరే ఉన్నా, ఘాట్ అలవాటు లేకపోయినా తీరం దారే పట్టండి, కానీ మధ్యలో బర్కుల్‌లో ఒక రాత్రి ఆగండి. మిగిలినవాళ్లంతా సాలూరు మీదుగా ఎక్కి జగదల్‌పూర్ చూసి, తిరుగుదారిలో సెమిలిగుడ నుంచి నందపూర్, పాడువా మీదుగా అరకు రండి. సాయంత్రం పూట అనంతగిరి ఘాట్ దిగొద్దు. పొద్దంతా నడిపి అలసిన కాళ్లతో, పొగమంచులో ఆ మలుపులు వద్దే వద్దు. రాత్రి అరకులో పడుకుని, ఎండ వచ్చాక సుంకరిమెట్ట కాఫీ తోటల దగ్గర ఆగండి. నవంబరైతే మిరియాల తీగలు అల్లుకున్న చెట్ల కింద కాఫీ పళ్లు ఎర్రబడుతూ ఉంటాయి. కాఫీ తాగి, రెండో గేర్లో నెమ్మదిగా ఎస్.కోటకు దిగితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.