బేగంపేట ఎయిర్‌షో: నల్గొండ నుంచి పోయేవాళ్లు లాడ్జికి డబ్బులు పెట్టకండి

నల్గొండ నుంచి బేగంపేటకు వింగ్స్ ఇండియా విమానాల ప్రదర్శన చూడబోయే కుటుంబాలకు ముందే చెప్పేది ఒక్కటే: లాడ్జి తీసుకోకండి. తెల్లారి మొదటి బస్సుల్లో బయల్దేరితే పొద్దుటి విన్యాసాల ఆటకే అందుకోవచ్చు, రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. ముందురోజే పోయి సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల దిగితే మాకేమయిందో వినండి. ఫోన్‌లో 1,800 అన్న గది కౌంటర్ దగ్గర 2,600 అయింది. అదేమంటే ఎయిర్‌షో రష్ అన్నారు. అదనపు పరుపుకు 300. జీఎస్టీ పేరు చెప్పి ఇంకొంత గుంజారు, బిల్లు అడిగితే మాత్రం పుస్తకం అయిపోయిందట. జీఎస్టీ తీసుకుంటే బిల్లు ఇవ్వాల్సిందే, గట్టిగా అడగండి. చెకౌట్ ఇరవై నాలుగు గంటలని నమ్మించి, పొద్దున తొమ్మిదింటికే తలుపు బాదారు. వేడినీళ్లు ఏడున్నరకే బంద్. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ జనవరి చలిలో చన్నీళ్ల స్నానం చేసి, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. గది తప్పదనుకుంటే మొత్తం రేటు, పరుపు, చెకౌట్ టైము, అన్నీ వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ పంపండి.

ఈ షో రెండేళ్లకోసారి వస్తుంది. 2024లో జనవరి 18 నుంచి 21 వరకు జరిగింది. అప్పుడు మొదటి రెండు రోజులు వ్యాపారస్తులకు, శని ఆదివారాలు మామూలు జనానికి ఇచ్చారు. అప్పటిలా సంక్రాంతి అయిన వారమే వస్తే కారు తీయకండి. పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుంటే పొద్దుటి ఆట పోయినట్టే. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఒరిజినల్ ఆధార్ కార్డు మాత్రం దగ్గరుంచుకోవాలి. సూపర్ లగ్జరీ ఎక్కితే ఆ ఉచితం వర్తించదు. ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోకుండా ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో నాగోలు వైపు లైనుకు మారితే బేగంపేట ఒకటే స్టేషన్, దాని తర్వాతిది ప్రకాశ్‌నగర్. నడవలేని పెద్దవాళ్లుంటే ఏ గేటు తెరిచారో కనుక్కుని, దానికి దగ్గరి స్టేషన్‌లో దిగండి. ఆ కాస్త దూరానికే ఆటోవాళ్లు 150 అడుగుతారు.

2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఊరి నడుమ ఇంత ఆట సాధ్యమవుతున్నది అందుకే. రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది, జనం దక్షిణం వైపు నిలబడి ఉత్తరానికి చూస్తారు. చలికాలంలో ఎండ వీపు మీద పడుతుంది, కళ్లకు ఇబ్బంది ఉండదు. మెడ మాత్రం మాడుతుంది, నీడ దొరకదు. టోపీ కంటే వెనక మెడను కప్పే తువ్వాలు మేలు. పొద్దున పొగమంచు, లేదంటే రన్‌వే మీద గద్దలు ఆటను ఆలస్యం చేస్తాయి. మబ్బులు కిందికుంటే పైకి లేచే విన్యాసాలు మానేసి అడ్డంగా తిరిగే ఆటే చూపిస్తారు. అది నిర్వాహకుల లోపం కాదు.

వాయుసేన సారంగ్ జట్టు నడిపే ధ్రువ్ హెలికాప్టర్లు అందంగా ఉంటాయి. ధ్రువ్‌లో పైన తిరిగే రెక్కలు నడుమ ఉండే హబ్‌కు కీలు లేకుండా బిగించి ఉంటాయి, పైలట్ కర్ర కదిపిన వెంటనే యంత్రం ఒరుగుతుంది. జట్టు హెలికాప్టర్లు అంత దగ్గరగా తిరగగలిగేది అందువల్లే. మా దృష్టిలో మాత్రం డబ్బుకు తగ్గ సంబరం బ్రిటన్ పైలట్ మార్క్ జెఫ్రీస్ జట్టు నడిపే చిన్న ప్రొపెల్లర్ విమానాలది. జెట్ వచ్చిందనుకునేలోపు దాటిపోతుంది, ఇవి కళ్లముందే తిరుగుతాయి. నిట్టనిలువుగా పైకి పోయి, వేగం దాదాపు సున్నా అయ్యాక విమానం రెక్క మీద పక్కకు తిరిగి ముక్కు కిందికి పెడుతుంది. గాలివేగం లేకున్నా తిరగగలిగేది ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి తోక మీద తగులుతుంది కాబట్టి, మామూలు జెట్‌కు ఆ వీలు లేదు. తలకిందులుగా ఎగిరినప్పుడు ఇంజిన్ ఎందుకు ఆగదని పిల్లలు అడుగుతారు. ట్యాంకులో బరువు కట్టిన మెత్తటి గొట్టం ఉంటుంది, ఇంధనం ఎటు జారితే అదీ అటే వాలి పీల్చుకుంటుంది. రెక్క పైభాగం, కిందిభాగం ఒకే వంపుతో ఉంటాయి కాబట్టి బోర్లా ఎగిరినా అది మోయగలదు. తెల్లటి పొగ చూసి మంటలనుకోవద్దు, వేడి ఎగ్జాస్ట్‌లోకి నూనె చిమ్మితే ఆవిరై, బయటి గాలికి చల్లబడి అలా కనిపిస్తుంది.

చిన్నపిల్లలు చప్పుడు వచ్చిన వైపు చూసి విమానం ఏదని ఏడుస్తారు. కిలోమీటరు దూరం నుంచి చప్పుడు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది, చప్పుడుకు ముందువైపు వెతకమని చెప్పండి. కెమెరాలో షట్టర్ 1/250 దగ్గర పెడితే ప్రొపెల్లర్ తిరుగుతున్నట్టు పడుతుంది. 1/1000 పెడితే ప్రొపెల్లర్ రెక్కలు బిగుసుకుపోయి, విమానం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. జెట్‌లకైతే 1/1000 సరైనదే. ఫోన్ వీడియోలో ప్రొపెల్లర్ వంకరగా పడితే ఫోన్ పాడైనట్టు కాదు, సెన్సర్ బొమ్మను వరుస వరుసగా చదవడం వల్ల వచ్చేదే అది.

టికెట్ దండగని బయటి మేడలు, ఫ్లైఓవర్ ఎక్కేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2010 మార్చి 3న ఇక్కడే, అప్పట్లో ఇండియా ఏవియేషన్ పేరుతో జరిగిన షోలో నౌకాదళం సాగర్ పవన్ జట్టు విమానం బోయిన్‌పల్లిలో ఒక ఇంటి మీద కూలింది, ఇద్దరు పైలట్లు చనిపోయారు. లోపల జనానికీ విన్యాసాల గీతకూ మధ్య దూరం ఉంచేది అందుకే. బయటి మేడకు ఆ రక్షణ లేదు.

తిండి దగ్గర మళ్లీ మోసమే. పండుగకు చేసిన సకినాలు, పులిహోర డబ్బా గేటు దగ్గరే ఆపారు, చంటిపిల్లల పాలు మాత్రం వదిలారు. లోపల 20 రూపాయల నీళ్ల సీసా 50, రెండు సమోసాలు 100. సీసా మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం నేరం. సీసా, స్టాల్ ఫోటో తీసి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. ఫోన్ తీయగానే పక్క కుటుంబానికి ఆ సీసా 20కే ఇచ్చారు. బస్సు దిగగానే ఎల్బీనగర్‌లో కడుపు నిండా టిఫిన్ చేసి, ఖాళీ సీసాలు వెంట తీసుకుపోండి, లోపల నీళ్ల ట్యాంకర్ ఎక్కడుందో ముందే చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి రెండో ఆట ఆఖరు దాకా ఆగితే మెట్రో గేటు దగ్గర చాంతాడంత వరుస. పెద్దవాళ్లుంటే పొద్దుటి ఆట చూసి, నిలబెట్టిన విమానాలు ఒక చుట్టు తిరిగి, మూడింటికల్లా బయటపడండి. సాయంత్రం ఏడు దాటితే ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సుల్లో సీటు దొరకదు.