హాంకాంగ్‌లో ఎగ్ నూడుల్స్ కోసం నాలుగు రోజులు

మన బండి దగ్గర ఎగ్ నూడుల్స్ అంటే పెనం మీద గుడ్డు కొట్టి, చిదిపి, నూడుల్స్‌తో కలిపి వేయించేది. హాంకాంగ్‌లో గుడ్డు పిండిలోనే ఉంటుంది. గోధుమపిండిలో బాతుగుడ్లు, కాస్త క్షారపు నీళ్లు పోసి కలుపుతారు. పంటికింద పట్టున తెగే ఆ బిగువు అందుకే వస్తుంది.

శామ్ షుయ్ పో పేటలోని లౌ సమ్ కీ అనే దుకాణం వాళ్లది వెదురు నూడుల్స్. లావుపాటి బొంగు ఒక కొన బిగించి, రెండో కొన మీద మనిషి కూర్చుని ఏతం తొక్కినట్టు లేస్తూ కూర్చుంటూ పిండిముద్దను అదిమి చేసేవి. చిమ్ షా చుయ్ నుంచి మెట్రోలో ఐదో స్టేషన్. అక్కడ రొయ్యగుడ్ల పొడి చల్లిన లో మెయిన్ తిన్నాను. లో మెయిన్ అంటే అమెరికాలో ఉన్నవాళ్లకి సాస్‌లో వేయించిన మెత్తటి నూడుల్స్ గుర్తొస్తాయి. ఇక్కడ నీళ్లు వార్చిన నూడుల్స్ ఒక పళ్లెంలో, సూప్ పక్కన గిన్నెలో ఇస్తారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

బస మాత్రం కలిసిరాలేదు. ఫోటోలో కిటికీ ఉన్న గది చూపించి, కిటికీ లేనిది ఇచ్చారు. అడిగితే ఆ గదులు అయిపోయాయన్నారు. డబ్బు కట్టేముందే మెసేజ్‌లో ఖాయం చేసుకోండి.

స్టార్ ఫెర్రీ పడవ ఎక్కి సెంట్రల్ వైపు దిగితే, వెల్లింగ్టన్ వీధిలో మాక్స్, చిమ్ చాయ్ కీ అనే రెండు నూడుల్స్ దుకాణాలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఆకలి మీద ఉంటే చిమ్ చాయ్ కీ. వాళ్ల వంటన్లు, అంటే పలచటి పిండి రేకులో కూరు చుట్టి ఉడికించిన ముద్దలు, పెద్దవి. నూడుల్స్ రుచి కోసమైతే మాక్స్. అరచేతిలో పట్టే గిన్నె చూసి చాలదనుకోకండి. అడుగున చెంచా, దానిమీద రొయ్యల వంటన్లు, అన్నిటికీ పైన సన్నటి నూడుల్స్ చుట్ట. సూప్‌లో మునిగితే నాని మెత్తబడతాయని అలా ఎత్తి పెడతారు. గిన్నె చిన్నదైతే అవి నానేలోపే అయిపోతుంది. క్షారం వాసన గుప్పుమంటే బల్లమీది ఎర్ర వెనిగర్ రెండు చుక్కలు వేసుకోవచ్చు.

శాకాహారులకు, పంది మాంసం తిననివాళ్లకు ఒక మాట: ఈ సూప్ మామూలుగా ఎండుచేప, పంది ఎముకలతో కాస్తారు. వంటన్లలోనూ రొయ్యతోపాటు పంది మాంసం ఉంటుంది. అడక్కుండా తినొద్దు.

వస్తూ రొయ్యగుడ్లు కలిపిన ఎండు నూడుల్స్ నాలుగు పొట్లాలు తెచ్చాను. ఉడికించి, చన్నీళ్లలో ముంచి, మళ్లీ ఒక్కసారి వేడినీళ్లలో వేసి తీస్తే అదే బిగువు వచ్చింది. మొదటి పొట్లం నూడుల్స్ చన్నీళ్లలో ముంచకుండా మెత్తగా చేసేశాను.