ఆ చిన్న వైర్‌లెస్ ప్లగ్‌ని నమ్ముకుని స్టేజ్ ఎక్కకండి

గిటార్‌కో బేస్‌కో వైర్‌లెస్ కొందామని చూస్తున్నవాళ్లు ముందు ఇది చదవండి. నా డబ్బు పోయింది, అది ఎలాగోలా సర్దుకుంటాను, కానీ మేం రెండు నెలలు కూర్చుని ప్రాక్టీస్ చేసిన షో నా వల్ల పాడైంది, ఆ బాధ మాత్రం ఇంకా తగ్గట్లేదు.

నేను బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. కేబుల్ కాళ్లకు అడ్డం పడుతోందని ఆన్‌లైన్‌లో ఒక వైర్‌లెస్ సెట్ తెప్పించుకున్నాను. రెండు చిన్న ముక్కలు, ఒకటి బేస్ జాక్‌లోకి, ఇంకొకటి, అంటే సిగ్నల్ అందుకునే రిసీవర్, కాళ్ల దగ్గరుండే ఎఫెక్టుల పెడల్‌బోర్డ్‌లోకి, అంతే. డబ్బా మీద 2.4 గిగాహెర్ట్జ్, 30 మీటర్ల రేంజ్ అని ఉంది. ఇంట్లో అన్ని గదులూ తిరుగుతూ వాయించాను, ఎక్కడా తెగలేదు. షో రోజు సౌండ్‌చెక్‌లో అయితే స్టేజ్ దిగి హాల్ చివరిదాకా నడుచుకుంటూ వెళ్లి మరీ చూశాను, శుభ్రంగా వినిపించింది. ఆ ధైర్యంతో స్పేర్ కేబుల్‌ని బ్యాగ్‌తో సహా గ్రీన్‌రూమ్‌లోనే వదిలేశాను, అదే నేను చేసిన పెద్ద తప్పు.

హాల్ నిండింది. మొదటి పాట బాగానే వెళ్లింది. రెండో పాటలో చరణం మొదలవుతుంటే నా నోట్ సగంలో తెగిపోయింది. వేలి కింద తీగ అదురుతూనే ఉంది, స్పీకర్లలో మాత్రం ఏమీ లేదు. అర సెకను తర్వాత టప్‌మని వచ్చింది, మళ్లీ పోయింది. బేస్ లేకపోయేసరికి కిక్ డ్రమ్ ఒక్కటే బోసిగా కొడుతున్నట్టు వినిపించింది, డ్రమ్మర్ తలెత్తి నావైపు చూశాడు, నేను నోట్ మర్చిపోయాననుకున్నాడు పాపం. కిందికి చూస్తే రిసీవర్ మీద నీలం లైటు పోయి ఎర్రగా కొట్టుకుంటోంది. డ్రమ్స్ వైపు తిరిగితే ఇంకా ఘోరం. రెండు పాటలు అలాగే నెట్టుకొచ్చాం, ఆ తర్వాత మా గిటారిస్ట్ తన కేసులోంచి ఒక కేబుల్ తీసి విసిరితే మిగతా షో గట్టెక్కింది.

అయిపోయాక సౌండ్ ఇంజినీర్ నా రిసీవర్ చేతిలోకి తీసుకుని విడమరిచి చెప్పారు. ఈ 2.4 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌లోనే వైఫై ఉంటుంది, బ్లూటూత్ ఉంటుంది. ఖాళీ హాల్‌లో ఏ గోలా లేదు, జనం వచ్చేసరికి ప్రతి జేబులో ఒక ఫోన్, దాదాపు అన్నీ అదే బ్యాండ్‌లో. దానికి తోడు ఆయన మిక్సర్‌ని ట్యాబ్‌తో నడిపే వైఫై రూటర్ నా పెడల్‌బోర్డ్ పక్కనే ర్యాక్‌లో ఉంది. ఇక నేను వెనక్కి తిరిగినప్పుడు నా ఒళ్లే అడ్డం వచ్చింది, ఒంట్లోని నీరు ఈ సిగ్నల్‌ని పీల్చేస్తుందట. పైగా ఇది డిజిటల్, డేటా సరిగ్గా అందకపోతే కాస్త గరగరలాడి ఊరుకోదు, మొత్తానికే మ్యూట్ అవుతుంది.

వైర్‌లెస్ అనగానే చాలామంది లాగ్ గురించి భయపడతారు, నేనూ అదే చూసి కొన్నాను. ఐదారు మిల్లీసెకన్లంటే మీరు యాంప్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడితే వచ్చే ఆలస్యమే, దానికి కంగారు పడక్కర్లేదు. అడగాల్సింది వేరే. రిసీవర్‌కి రెండు యాంటెనాలు ఉన్నాయా, చానల్ మనం మార్చుకోవచ్చా, బ్యాండ్ బిజీ అయితే అదే ఇంకో చానల్‌కి మారుతుందా. నా దాంట్లో ఈ మూడూ లేవు. యూహెచ్‌ఎఫ్ అని ఇంతకంటే తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేసే సెట్‌లకి ఈ వైఫై గొడవ ఉండదు, కాకపోతే ఏ ఫ్రీక్వెన్సీ వాడొచ్చో దేశాన్ని బట్టి మారుతుంది, కొనేముందు అది చూసుకోండి.

వెనక్కి ఇస్తానంటే అమ్మినవాళ్లు వాడిన వస్తువు తీసుకోం అన్నారు. 30 మీటర్ల సంగతి అడిగితే మాన్యువల్ చివర్లో చిన్న అక్షరాల్లో "అడ్డంకులు లేని బహిరంగ ప్రదేశంలో" అని ఉన్న లైను చూపించారు. కాబట్టి కొనక తప్పదంటే, షోలో వాడాక కూడా వాపస్ తీసుకుంటారా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇప్పటికే ఇలాంటిది కొనేసినవాళ్లు రిసీవర్‌ని నేల మీద మానిటర్ స్పీకర్ వెనక పెట్టకండి, ఛాతీ ఎత్తులో, మీకు ఎదురుగా కనిపించేలా, రూటర్‌కి దూరంగా పెట్టండి. కేబుల్‌ని మాత్రం యాంప్‌కి తగిలించే ఉంచండి, గ్రీన్‌రూమ్‌లో కాదు. వచ్చే షోకి నేను కేబుల్‌తోనే వాయిస్తున్నాను.